కాదనడానికి ఒక మాట

బుధవారం మధ్యాహ్నం అన్నాల వేళ దాటాక, శ్రావ్య కంప్యూటరు ముందు నుంచి లేవకుండానే పిలిచింది.

"అక్కా, ఇది ఆలోచిస్తూనే ఉందండి. ఇందాకటి నుంచీ."

రత్నకుమారి టిఫిను డబ్బా మూత బిగిస్తూ తల తిప్పి చూసింది. తెర మీద చిన్న గీత ఆరుతూ వెలుగుతూ ఉంది. అంతకు మించి ఏమీ లేదు. మామూలుగా అయితే ఎంటర్ నొక్కి గ్లాసుడు మంచినీళ్ళు తాగేలోపు, రాబోయే వారం పట్టుబడుల వరస ప్రింటరులోంచి గరగరమంటూ బయటికి రావాలి. ఇవాళ ప్రింటరు నోరు విప్పలేదు.

"మళ్ళీ ఆన్ చేసి చూశావా?"

"రెండుసార్లు చేశానండి. అది మళ్ళీ ఆలోచనలోనే పడుతోంది. మనిషైతే జ్వరమేమోనని చెయ్యి పెట్టి చూసేదాన్ని."

ఆ గది ఏలూరు నుంచి పెదపాడు వెళ్ళే రోడ్డు పక్కన, హనుమంతరావు గారి ఐసు ఫ్యాక్టరీలో ఉంది. కొల్లేరు వైపు చెరువుల్లో చేప ఎదిగాక వల లాగి పట్టి, ఐసులో సర్ది లారీకి ఎక్కించేదాకా జరిగే పనంతటినీ అక్కడ పట్టుబడి అంటారు. ఐసు దిమ్మలు ముందురోజే తయారై ఉండాలి. లారీ చెరువు గట్టుకి తెల్లవారేసరికి చేరాలి. వల లాగే ముఠాకి ముందుగా కబురు వెళ్ళాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా పట్టిన చేప గట్టు మీదే మెత్తబడిపోతుంది. ఏ చెరువు ఏ రోజన్నది ఒకప్పుడు హనుమంతరావు గారి బుర్రలోనే ఉండేది. చెరువులు పెరిగి, బుర్రలో చోటు చాలక, ఒకే ఐసు కోసం ఇద్దరు రైతులు ట్రాక్టర్లు వేసుకొచ్చి గేటు దగ్గర ఒకరి మొహం ఒకరు చూసుకున్న రోజున ఆయన కంప్యూటరు కొన్నాడు. అప్పుడే ఎం.సి.ఏ. పాసై వచ్చిన రత్నకుమారిని పిలిచి, "నువ్వే దీనికి దారి చూపించాలమ్మా," అన్నాడు.

అది రెండువేల అయిదులో. ఇప్పుడు రెండువేల ఏడు. ఈ సోమవారం ఆమె తాడేపల్లిగూడెంలో ఒక ఇంజనీరింగు కాలేజీలో లెక్చరరుగా చేరాలి.

చేరాలంటే ఇక్కడి నుంచి కదలాలి. కదలడమే కష్టమైపోయింది. ఆ ఉద్యోగం వచ్చిందని చెప్పిన రోజున హనుమంతరావు గారు నిజంగానే సంతోషించి, ఫ్యాక్టరీ అందరికీ పూతరేకులు తెప్పించాడు. ఆ తర్వాత, "ఈ ఎండాకాలం పట్టుబడులు అయిపోనీ అమ్మా, అప్పుడు చూద్దాం," అన్నాడు. ఎండాకాలం అయింది. "ఒక పదిహేను రోజులు చూద్దామమ్మా," అన్నాడు. రత్నకుమారి ప్రతిసారీ, "చూద్దాం లెండి," అనే అంది. కాలేజీ వాళ్ళు ఒకసారి తేదీ మార్చారు. రెండోసారి ఫోను చేసినప్పుడు ప్రిన్సిపాలు గారు మర్యాదగానే, సోమవారం రాకపోతే వేరే వాళ్ళని పిలుచుకుంటామన్నారు. వాళ్ళ అమ్మ యేసమ్మకి ఆ మాట చెబితే, ఆవిడ చేట పక్కన పెట్టి, "పొలం పనికి పోయినా మేస్త్రీ రెండుసార్లే పిలుస్తాడే. మూడోసారి పిలవడు," అంది.

హనుమంతరావు గారు చెడ్డవాడు కాదు. ఆమె లేకపోతే ఆ ప్రోగ్రాముని ముట్టుకునే వాళ్ళు లేరు. ఆయన భయం అది. ఆ భయం అబద్ధం కాదని ఇప్పుడు ఆ గీత ఆరుతూ వెలుగుతూ చెబుతోంది.

"ఇది నువ్వు చూడగలవా, నేను లేకపోతే?" రత్నకుమారి శ్రావ్యని అడిగింది, జవాబు తెలిసే.

శ్రావ్య బి.కాం. చదివి, ఏలూరులోనే కంప్యూటరు కోర్సు చేసింది. చురుకైన పిల్ల. "మీరు రాసింది తెరిచి చూశానక్కా ఓసారి. చాలా అందంగా ఉంది. గుళ్ళో శాసనంలాగా. దణ్ణం పెట్టుకుని మూసేశాను."

రత్నకుమారి నవ్వింది కానీ ఆ మాట లోపల ఎక్కడో గుచ్చుకుంది. అందంగా ఉండాలనే ఆమె రాసింది. సి ప్లస్ ప్లస్ అనే కంప్యూటరు భాష‌లో రాసింది. ఆ భాషలో చెయ్యలేనిది లేదని కాలేజీలో మాస్టారు చెప్పేవారు. తమ ఇంటి నుంచి కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి ఆమె. చెయ్యలేనిది లేదు అనే మాట వినగానే ఒళ్ళు పులకరించింది. ఫ్యాక్టరీకి ప్రోగ్రాము రాసేటప్పుడు ఆ భాషలో ఇంకో చిన్న భాష కట్టింది. ఒక్కో రైతు షరతూ, ఒక్కో ముఠా షరతూ ఒక్కో నియమంగా అందులో రాయవచ్చు. ఆ నియమం తేదీని చూడగలదు, జరపగలదు, ఇంకో నియమాన్ని పిలిచి సలహా అడగగలదు, అవసరమైతే పక్క నియమాన్ని కొట్టెయ్యనూ గలదు. ఏ నియమమూ ఇంక మార్చనని ఊరుకునేదాకా ప్రోగ్రాము వాటన్నిటినీ వరసగా పిలుస్తూ ఉంటుంది. చివరికి నిలబడ్డ తేదీయే పట్టుబడి తేదీ. పెద్దపెద్ద కంపెనీల్లో కూడా ఇలాంటిది ఉండదేమోనని అప్పట్లో అనుకుంది. ఎవరికీ చెప్పలేదు గానీ అనుకుంది.

ఇవాళ ఏ నియమమూ ఊరుకోవడం లేదన్నమాట.

తేదీ మారిన ప్రతిసారీ తెర మీద చూపించమని ప్రోగ్రాములో ఒక ముక్క కలిపి, మళ్ళీ నడిపింది. తెర నిండా వరదలా వచ్చింది. శ్రావ్య ముందుకి వంగి చదివింది.

"శనివారం, ఆదివారం, శనివారం, ఆదివారం… ఇదేంటక్కా, ఊయల ఊగుతోంది?"

"ఎవరి చెరువది?"

"అబ్బాయిరాజు గారిది."

అబ్బాయిరాజు గారి చెరువు కొల్లేరు అంచున ఉంది. నాలుగు రోజులుగా మబ్బు పట్టి గాలి కదలడం లేదు. అలాంటప్పుడు నీళ్ళలో ఊపిరి చాలక, తెల్లవారుజామున శీలావతి చేపలు మూతులు పైకి పెడతాయి. నిన్న ఆయన చెరువులో పెట్టాయి. వారం తిరిగేలోపు పట్టెయ్యకపోతే ఒక ఉదయం అవి తెల్లగా తేలడం ఖాయం. లారీల వంతు ప్రకారం ఆయనకి శనివారం పడింది.

రత్నకుమారి ఆయన నియమం తెరిచింది. శనివారం పడితే మర్నాటికి జరపాలి. ఆయన వెంకటేశ్వరస్వామి భక్తుడు. శనివారాలు ద్వారకా తిరుమల వెళ్ళివస్తాడు. ఆ రోజు తన చెరువులో చేపని చంపనివ్వడు. తర్వాత ముఠా నియమం తెరిచింది. ఆ చెరువుకి ఎప్పుడూ వెళ్ళే ముఠా ఈసారి తణుకు వైపు వెళ్ళింది. దాని బదులు నిత్యానందం మేస్త్రీ ముఠా వచ్చింది. వాళ్ళందరూ రత్నకుమారి వాళ్ళ ఊరి వాళ్ళే, ఆమె వెళ్ళే చర్చికే వచ్చేవాళ్ళు. వాళ్ళ నియమం: ఆదివారం పడితే ముందు రోజుకి జరపాలి.

రాజుగారు శనివారాన్ని ఆదివారానికి తోస్తున్నాడు. మేస్త్రీ ఆదివారాన్ని శనివారానికి తోస్తున్నాడు. వాళ్ళిద్దరి మధ్యా కంప్యూటరు మధ్యాహ్నం నుంచీ నడుస్తూనే ఉంది.

శ్రావ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "పాపం, ఎవరినీ కాదనలేకపోతోందక్కా ఇది."

"ఫోను ఇలా ఇవ్వు," అంది రత్నకుమారి.

ముందు రాజుగారికి చేసింది.

"రాజుగారూ, ఐసు ఫ్యాక్టరీ నుంచి రత్నకుమారినండి."

"చెప్పండమ్మా. భోజనం చేశారా?"

"అయిందండి. మీ పట్టుబడి శనివారం పడిందండి."

"శనివారమా అండి? ఆదివారం పెట్టించెయ్యండమ్మా."

"ఆదివారం నిత్యానందం మేస్త్రీ వాళ్ళకి ఇబ్బందండి."

"అవునవును, చర్చి ఉంటుంది కదండీ. అయితే వాళ్ళ వీలు చూడండి. వాళ్ళు ఎప్పుడంటే మాకూ అప్పుడే."

"వాళ్ళు శనివారం అంటారండి."

రాజుగారు చాలా మృదువుగా, "శనివారం కంటే… ఆదివారమైతే బాగుంటుందేమో కదండీ," అన్నాడు.

పక్కన శ్రావ్య బల్ల మీద తల పెట్టేసి నవ్వుతోంది. రత్నకుమారి పెదవి కొరుక్కుని, మళ్ళీ చేస్తానని చెప్పి, మేస్త్రీకి చేసింది.

"బాబాయ్, నేను. రాజుగారి చెరువు ఆదివారం లాగుతారా?"

"మీరెలా అంటే అలాగే తల్లీ. శనివారమే లాగేసుకుంటే ఓ పనైపోద్ది కదా."

"శనివారం రాజుగారికి ఇబ్బంది బాబాయ్."

"అలాగా. ఆయన మాట మనమెందుకు కాదంటామమ్మా. ఆయన ఎప్పుడంటే అప్పుడే."

"ఆయన ఆదివారం అంటున్నారు."

"అదేనమ్మా, ఆదివారమైతే, ముందు రోజే…"

"బాబాయ్, ఆగు." రత్నకుమారి కళ్ళు మూసుకుంది. "ఏ రోజుకి జరపాలో చెప్పకు. మీకు ఏ రోజు కుదరదో అది ఒక్కటి చెప్పు."

"కుదరనిదంటూ ఏముంటదమ్మా మనలో మనకి."

"ఉంటది బాబాయ్. చెప్పు. నేనేమీ అనుకోను."

అవతల మేస్త్రీ గొంతు సవరించుకున్నాడు. ఎవరికో చెడ్డ కబురు చెప్పబోతున్నట్టుగా, "ఆదివారం కుదరదమ్మా," అన్నాడు. "మిగతా ఏ రోజైనా మాకు ఒకటే."

మళ్ళీ రాజుగారికి చేసింది. ఆయన చేత ఆ మాట అనిపించడానికి ఇంకాసేపు పట్టింది. చివరికి ఆయన కూడా ఒప్పుకున్నాడు. "శనివారం కుదరదండి. శుక్రవారమైతే నాకు ఇంకా మంచిదే కదమ్మా, చేప ఎంత తొందరగా బయటపడితే అంత మేలు. మీరు శనివారం అన్నారని శనివారం నుంచి లెక్కేసుకున్నాను."

శుక్రవారం ఎవరికీ అభ్యంతరం లేదు. శుక్రవారానికి ఒక లారీ ఖాళీగానే ఉంది, ఐసుకి రేపంతా టైముంది. కానీ ప్రోగ్రాము పొద్దుపోయేదాకా ఆలోచించినా శుక్రవారం దాని కంట పడేది కాదు. రెండు నియమాలూ శనాదివారాల మధ్యే దాన్ని కట్టేశాయి.

"అయితే ఈ రెంటిలో ఒకటి తీసేస్తే సరిపోతుందేమో అక్కా," అంది శ్రావ్య.

"ఇవాళ్టికి సరిపోతుంది."

రత్నకుమారి కుర్చీలో వెనక్కి వాలి తను రాసిన నియమాలన్నిటినీ పైనుంచి కిందికి జరుపుతూ చూసింది. ఒక్కొక్కటీ ఎవరు ఎలా చెప్పారో ఆమెకి గుర్తుంది. సైకిలు మీద చెరువు చెరువుకీ తిరిగి, గట్టు మీద నిలబడి అడిగింది. ఎవరూ కుదరదని అనలేదు. తమ వైపు ఎవరూ మొహం మీద అలా అనరు. శనివారం వద్దనడానికి ఆదివారం పెట్టించండి అంటారు. రాననడానికి రేపు చూద్దాం లెండి అంటారు. పెద్దవాళ్ళు ఎలా చెబితే అలాగే రాయడం తన బాధ్యత అనుకుంది. ఆ చెయ్యలేనిది లేని భాష కూడా ఎలా చెబితే అలా రాయనిచ్చింది. ఒక్కసారి కూడా, అమ్మాయీ ఇది వద్దు అనలేదు. అందుకే ఆ నియమాలన్నీ తేదీని పక్కవాడి మీదికి తోసేవే అయ్యాయి. ఏది దేన్ని తోస్తుందో, అది మళ్ళీ ఎవరి మీద పడుతుందో, చదివి చెప్పడం ఎవరి తరమూ కాదు. రాసిన తన తరం కూడా కాదు. నడిపి చూడాల్సిందే. రేపు ఇంకో ముఠా తణుకు వెళ్తుంది, ఇంకో రెండు నియమాలు ఎదురుపడతాయి, శ్రావ్య తాడేపల్లిగూడేనికి ఫోను చేస్తుంది, తను క్లాసు మధ్యలో వదిలి రైలెక్కాలి. హనుమంతరావు గారు తనని ఆపనక్కర్లేదు. ఈ ప్రోగ్రామే ఆపేస్తుంది.

"శ్రావ్యా, వీటన్నిటిలో అసలు సంగతి ఏమిటో ఒక్కోటీ చదివి చెప్పు. ఎక్కడికి జరపాలన్నది వదిలెయ్. ఎందుకు జరపాలన్నది చెప్పు."

శ్రావ్య చదివింది. శనివారం కుదరదు. ఆదివారం కుదరదు. అమావాస్య కుదరదు. పెదపాడు సంత రోజు కుదరదు. ఊళ్ళో పెళ్ళి, ఆ రోజు కుదరదు. చదువుతూ చదువుతూ ఆమె గొంతులో నవ్వు పోయి, ఆశ్చర్యం వచ్చింది.

"అన్నీ ఒకటే మాట కదక్కా."

దాదాపు అన్నీ ఒకటే మాట. మిగిలినవి ఒకటో రెండో ఉన్నాయి. వాటిలో రాజుగారిదే ఇంకొకటి ఉంది. వాన పడితే ఒకలా, పడకపోతే ఇంకోలా, గట్టు తడిగా ఉండి అల్లుడు గారు ఊళ్ళో ఉంటే మరోలా. ఆ ఒక్కటి రాయడానికే రత్నకుమారి ఒక దసరా సెలవులన్నీ ఖర్చు పెట్టింది. తను కట్టిన భాషకున్న బలమంతా దాని కోసమే వాడింది. అది పనిచేసినప్పుడు ఒక్కతే ఫ్యాక్టరీ వెనక్కి వెళ్ళి, ఐసు గదుల చల్లటి గోడకి చెయ్యి ఆనించి, కాసేపు నిలబడింది. అంత ఆనందం వేసింది.

"దీన్నేం చెయ్యాలి?" అంది శ్రావ్య.

"దీన్ని కంప్యూటరుకి చెప్పక్కర్లేదు. ఆయన్ని ఫోనులో అడిగితే చాలు."

గురువారం పొద్దున్నుంచి రత్నకుమారి కొత్తది రాసింది. ఈసారి నియమానికి రెండు మాటలే ఇచ్చింది. ఒకటి కుదరదు. రెండోది అడుగు. తెర మీద తెలుగు రాదు కాబట్టి ఆ మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టింది. ఏ నియమానికీ తేదీని జరిపే అధికారం లేదు. ప్రోగ్రామే దగ్గరి తేదీ నుంచి మొదలుపెట్టి ఒక్కో రోజునీ పట్టుకుని అందరినీ అడుగుతుంది. ఎవరైనా కుదరదు అంటే ఆ రోజుని వదిలేసి తర్వాతి రోజుకి వెళ్తుంది. ఎవరూ ఏమీ అనని మొదటి రోజే పట్టుబడి రోజు. అడుగు అని ఉంటే, ఫలానా వారికి ఫోను చెయ్యండి అని రాస్తుంది. వారం చివరికి వచ్చేసినా రోజు దొరక్కపోతే అక్కడితో ఆగిపోయి, ఎవరు ఏ రోజు కుదరదన్నారో పేర్లతో సహా అచ్చు వేస్తుంది. ఎటూ తేలకుండా తిరగడమనేది ఉండదు. వెనక్కి వెళ్ళే దారే లేదు కదా.

పాతదాన్ని తుడిచెయ్యడానికి చెయ్యి రాలేదు. ఒక సీడీ మీద ఎక్కించి బ్యాగులో వేసుకుంది. దాని అవసరం రాదని తెలుసు.

ఇందులో నష్టం లేదని ఆమె అనుకోలేదు. పాతది నడిచినన్నాళ్ళూ ఎవరికీ ఫోను చెయ్యకుండానే వానల సంగతీ, అల్లుళ్ళ సంగతీ చూసుకునేది. కొత్తదానికి అవేవీ తెలియవు. శ్రావ్యకి ఫోన్ల పని పెరుగుతుంది. ఆ మాటే ఆమెకి చెప్పింది.

"ఫోన్లైతే నాకు బాగానే వచ్చక్కా," అంది శ్రావ్య. "మా ఇంట్లో అడగండి కావాలంటే."

శుక్రవారం తెల్లవారేసరికి రాజుగారి చెరువు లాగారు. తొమ్మిదింటికి నిత్యానందం మేస్త్రీ ఫోను చేశాడు. చేప గట్టిగా ఉందనీ, లారీ కదిలిందనీ, రాజుగారు అందరికీ ఇడ్లీ పెట్టించారనీ చెప్పాడు. "కుదరదన్నానని నువ్వేమీ అనుకోలేదు కదమ్మా," అని ఆఖర్లో అడిగాడు.

"చాలా మేలు చేశావు బాబాయ్," అంది రత్నకుమారి.

శనివారం మధ్యాహ్నం హనుమంతరావు గారు గదిలోకి వచ్చి, ఎప్పుడూ కూర్చునే ప్లాస్టిక్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పెద్దమనిషి. భుజం మీది తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"అమ్మా, సోమవారమంటే మరీ ఎల్లుండే కదా. ఈ వానాకాలం ఒక్కటీ గడిచిపోతే…"

రత్నకుమారి నోటిలోకి ఆ మాట వచ్చేసింది. చూద్దాం లెండి. నాలుక చివరిదాకా వచ్చింది. శ్రావ్య కీబోర్డు మీద వేళ్ళు ఆపేసి వింటోంది. అమ్మ పక్కన పెట్టిన చేట గుర్తొచ్చింది. ఆయన ఈ కుర్చీలోనే కూర్చుని, తన మొదటి ప్రింటు కాగితాన్ని కళ్ళకద్దుకున్న రోజూ గుర్తొచ్చింది.

"కుదరదండీ," అంది.

ఆ గదిలో ఆయనతో ఆ మాట ఎవరూ ఎప్పుడూ అన్నట్టు లేదు.

"సోమవారం చేరిపోతానండి. ఇక్కడికి రావడం కుదరదండి," అని మళ్ళీ అంది.

హనుమంతరావు గారు ఆమె వైపు చూసి, కంప్యూటరు వైపు చూసి, శ్రావ్య వైపు చూశాడు. "మరి ఇది ఎవరు చూస్తారు?"

"శ్రావ్య చూస్తుందండి. మీరే ఒక షరతు చెప్పి చూడండి."

ఆయన కాసేపు పైకి చూశాడు. "సరే. కైకరం సుబ్బయ్య ఉన్నాడు. మంగళవారం వాళ్ళ మనవడి పుట్టువెంట్రుకలు. మంగళవారం పడితే…" అని ఎక్కడికో జరపబోయాడు.

"మంగళవారం కుదరదు. అంతే కదండీ," అంది శ్రావ్య. పేరు కొట్టి, పక్కన ఆ మాట కొట్టి, ఎంటర్ నొక్కింది. ప్రింటరు గరగరమంది. ఆయన కాగితం అందుకుని చేతులు చాచి దూరంగా పట్టుకుని చదివాడు. సోమవారందాకా లారీలు నిండిపోయి ఉండటంతో సుబ్బయ్య చెరువు బుధవారానికి వచ్చింది.

"ఇంతేనా?"

"ఇంతేనండి."

"నాకు కూడా అర్థమవుతోందే," అన్నాడు, కొంచెం అనుమానంగా. తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకుని, అదే గొంతుతో, "నువ్వు ఈ మాట వేసవిలోనే అనుంటే అప్పుడే ఈ పిల్లకి నేర్పించేవాళ్ళం కదమ్మా," అన్నాడు. "నేను చూద్దామన్నప్పుడల్లా నువ్వూ చూద్దాం లెండి అన్నావు. నీకూ వెళ్ళడం పెద్దగా ఇష్టం లేదేమో అనుకున్నా."

ఇన్ని వారాలుగా ఆయన తనని పట్టుకున్నాడని రత్నకుమారి అనుకుంది. తను ఉండిపోతుందని ఆయన అనుకున్నాడు. మంచివాళ్ళిద్దరూ కలిసి తేదీని అటొకరూ ఇటొకరూ తోసుకుంటూ కూర్చున్నారు. భుజాల మీంచి ఏదో దిగినట్టయింది. నవ్వు కూడా వచ్చింది.

"ఇష్టమేనండీ," అంది. "చాలా ఇష్టమండి."

"అయితే వెళ్ళిరా అమ్మా. పిల్లలకి బాగా చెప్పు," అని ఆయన లేచాడు. తలుపు దగ్గర ఆగి, "నాకు ఏదన్నా అడగాలంటే…" అన్నాడు.

"సాయంత్రాలు చెయ్యండి. క్లాసులప్పుడు కుదరదండి."

రెండోసారి ఆ మాట తేలిగ్గానే వచ్చింది.

సోమవారం ప్యాసింజరు రైల్లో కిటికీ పక్కన చోటు దొరికింది. భీమడోలు దాటాక చినుకులు మొదలయ్యాయి. పాదాల దగ్గర గొడుగు, ఒళ్ళో బ్యాగు. ఎవరిదో ఫోను మోగితే తనదేనేమోనని ఉలిక్కిపడి చూసుకుంది. ఉంగుటూరు వచ్చేసరికి ఉలిక్కిపడటం మానేసింది.

కాలేజీలో మొదటి గంటే ఇచ్చారు. బోర్డు మీద తన పేరు రాసి వెనక్కి తిరిగితే అన్ని కళ్ళూ తన మీదే ఉన్నాయి. రెండో బెంచీలోంచి ఒకమ్మాయి లేచి అడిగింది.

"మేడం, అన్ని లాంగ్వేజీల్లోకీ పవర్‌ఫుల్ ఏదండీ? అదే నేర్చుకుంటాం."

రత్నకుమారికి అబ్బాయిరాజు గారి అల్లుడు గుర్తొచ్చాడు. దసరా సెలవులు గుర్తొచ్చాయి. జవాబు చాలా ఉంది, గంట మోగేలోపు అయ్యేది కాదు.

"చూద్దాం లెండి," అంది. వెంటనే తన మాటకి తనే నవ్వుకుని, సుద్దముక్క అందుకుని, "లేదు, ఇప్పుడే మొదలుపెడదాం. ముందు మీరు చెప్పండి. దాంతో ఏం చేయించాలి?" అంది.

గంట అయ్యాక వరండాలోకి వచ్చి బ్యాగులోంచి ఫోను తీసింది. ఐసు ఫ్యాక్టరీ నుంచి మిస్డ్ కాల్. అనుకున్నదంతా అయింది. మొదటి రోజే. గోడ పక్కకి జరిగి నంబరు నొక్కింది.

"శ్రావ్యా, ఏమైంది?"

"ఏమీ కాలేదక్కా. ఎలా ఉందండి కాలేజీ?"

"ఫోను చేశావు కదా. ఆగిపోయిందా?"

"ఆగింది. ఒక చెరువుకి రోజు దొరకలేదంది. ఎవరెవరు కుదరదన్నారో పేర్లు రాసింది. వాళ్ళలో ఒకాయనకి ఫోను చేశాను, పోనీ గురువారం ఖాళీ చేసుకుంటామన్నారు. ఆ నియమం తీసేసి మళ్ళీ నడిపాను. వచ్చేసింది. అది పొద్దున్నే అయిపోయిందక్కా."

"మరి నాకెందుకు చేశావు?"

శ్రావ్య కొంచెం మొహమాటపడింది. "శనివారం మీ టిఫిను డబ్బా ఇక్కడే మర్చిపోయారండి. అందులో మీ అమ్మగారి చింతకాయ పచ్చడి అలాగే ఉంది. పాడైపోతుందేమోనని… మీకు పంపించమంటారా, ఏం చెయ్యమంటారు?"

రత్నకుమారి గోడకి ఆనుకుంది. వాన జోరు తగ్గి చూరు నుంచి చుక్కలు పడుతున్నాయి. అవతల శ్రావ్య జవాబు కోసం ఆగింది. పచ్చడి కావాలని ఆ పిల్ల ఎప్పటికీ నోరు తెరిచి అడగదు. ఆ సంగతి రత్నకుమారికి తెలుసు.

"పంపడం కుదరదు," అంది. "నువ్వే తినెయ్."